మూసీ ఒక దిక్కు, కాగ్నా ఒక దిక్కు

నెల రోజులుగా మా ఆఫీసు క్యాంటీన్లో ఒకటే గొడవ. సియాటిల్లో ఆరేళ్ళుండి తిరిగొచ్చిన మిత్రుడొకడున్నాడు. అక్కడ శని, ఆదివారాలు వీపున సంచీ తగిలించుకుని కొండలెక్కడం అలవాటైన ప్రాణం. ఇక్కడికొచ్చాక శనివారాలు షాపింగ్ మాల్లో గడుస్తున్నాయని వాడి బాధ. "హైదరాబాదు చుట్టుపక్కల వంద కిలోమీటర్లలో మూడు రోజుల లూప్ ట్రైల్ ఒక్కటి చెప్పరా చాలు, మిగతాదంతా నేను చూస్కుంటా" అని నా వెంట పడ్డాడు. నా మీదే ఎందుకు పడ్డాడంటే, మాది తాండూరు. వికారాబాదు గుట్టలంటే నాకు పెరటి దొడ్డి లాంటివని వాడి నమ్మకం.

సరే చూద్దాం అన్నా. అనేశాక కూర్చుని ఆలోచిస్తే నాకూ ఏమీ తెలీదని తెలిసింది :-) చిన్నప్పట్నుంచీ రైల్లోంచి చూడ్డమే తప్ప ఆ గుట్టల్లో నేను నడిచిందెంత? అందుకని పటాలు, పాత పుస్తకాలు ముందేసుకున్నా. దారి వెతకబోతే చరిత్ర తగిలింది.

ముందు ఈ లూప్ సంగతి. లూప్ ట్రైల్ అంటే పెద్ద విషయమేం కాదు. ఎక్కడ మొదలెట్టామో అక్కడికే చేరాలి, కానీ వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు. మావాడి దేశంలో మౌంట్ రైనియర్ చుట్టూ 150 కిలోమీటర్ల వండర్లాండ్ ట్రైల్ ఉంది, 1915లో పూర్తయింది. ఐరోపాలో మౌంట్ బ్లాంక్ చుట్టూ 170 కిలోమీటర్ల దారి ఉంది, మూడు దేశాల మీదుగా పోతుంది. ఇవన్నీ చెప్పి "మన దగ్గర ఇలాంటి కల్చర్ లేదు బాస్" అని తేల్చేశాడు. అక్కడే నాకు కొంచెం మండింది.

లేకపోవడమేంటి? కొండ చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికి రావడాన్ని మనవాళ్ళు ప్రదక్షిణం అన్నారు. కైలాసం చుట్టూ 52 కిలోమీటర్లు, మామూలుగా మూడు రోజుల నడక. హిందువులు, బౌద్ధులు, జైనులు, బోన్ మతస్థులు అందరూ తిరిగే దారి అది. మన సింహాచలంలో ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలెట్టి గిరి చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కాళ్ళకి బూట్లుండవు, వీపున సంచీ ఉండదు, చేతిలో ఓ నీళ్ళ సీసా ఉంటుంది, అంతే. దానికి మనం ట్రెక్కింగు అని పేరు పెట్టలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు!

ఇంకో పెద్ద లూప్ చెప్తా. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. వచ్చేప్పుడు ఆ దారిన రాలేదు. గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని కోస్తా వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పైచిలుకు లూప్! ఆ ప్రయాణం 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. చదవని వాళ్ళు తప్పక చదవండి. అందులో ఆయన వర్ణనల కంటే నాకు నచ్చింది ఆయన రాసుకున్న పద్ధతి. మజిలీ తర్వాత మజిలీ. ఈ ఊరు ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళు మంచివా కావా, అంగళ్ళలో సరుకు దొరుకుతుందా, దిగడానికి చోటుందా. దాదాపు రెండువందల యేళ్ళ కింద ఓ తెలుగాయన రాసిన ట్రైల్ గైడు అది. ఆయన వికారాబాదు వైపు రాలేదు, ఆ మాట నిజం. కానీ దారి ఎలా ఎంచుకోవాలో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. మొదటి ప్రశ్న ఎప్పుడూ నీళ్ళే.

ఆ ప్రశ్నతోనే మన గుట్టల దగ్గరికి వద్దాం.

* * *

వికారాబాదు నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో అనంతగిరి. హైదరాబాదు వాళ్ళకి అదొక వారాంతపు పిక్నిక్ చోటు. గుట్ట మీద అనంత పద్మనాభ స్వామి గుడి, పక్కన భవనాశి గుండం. మూసీ నది పుట్టేది ఇక్కడే. మూసీకి పాత పేరు ముచుకుంద. కాలయవనుణ్ణి కంటి చూపుతో బూడిద చేసిన ముచుకుందుడు నిద్రపోయిన గుహ ఈ గుట్టలోనే అని స్థల పురాణం.

పురాణం సంగతి అలా ఉంచి, నదులు సరిగ్గా ఇక్కడే ఎందుకు పుడుతున్నాయో చూద్దాం. ఈ గుట్టల పైపొర లాటరైటు, అంటే చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రరాయి. స్పాంజిలా వాన నీళ్ళని పీల్చుకుంటుంది. దాని కింద దక్కను నల్లరాయి పొరలు. నీళ్ళు ఎర్రరాయి లోంచి దిగి నల్లరాయి దగ్గర ఆగిపోతాయి, ఇక దిగలేక పక్కకి జారి గుట్ట అంచున ఊటలుగా బయటపడతాయి. ఉత్తరాన బీదరులోనూ ఇదే రాయి, ఇదే కథ. అక్కడ బహమనీల కాలంలో ఈ రెండు రాళ్ళ మధ్య నీటిని పట్టడానికి నేల లోపల సొరంగాలు తవ్వారు, కరేజ్ అంటారు. కాబట్టి గుట్ట మీద గుండం ఉండటం, దాని పక్కన గుడి వెలవడం, ఆ గుడికి దారి పడటం వరసగా జరిగిన పనులు. నీళ్ళు ముందు, దేవుడు తర్వాత, దారి ఆ తర్వాత. (భక్తులు కోప్పడకండి, వరస మార్చి చదువుకున్నా నాకేం అభ్యంతరం లేదు.)

ఇప్పుడు అసలు సంగతి. ఈ గుట్టల్లో పుట్టేది మూసీ ఒక్కటే కాదు. కాగ్నా కూడా ఇక్కడే పుడుతుంది. మా తాండూరు పక్కనుంచి పోయే నది. కన్నడం వాళ్ళు కాగిణా అంటారు. మూసీ తూర్పుకి పోతుంది, కాగ్నా పడమరకి పోతుంది. ఒకే గుట్ట మీద పడ్డ వానలో సగం అటు, సగం ఇటు.

తూర్పుకి పోయిన నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. గండిపేట, గోల్కొండ పక్కనుంచి హైదరాబాదు మధ్యలోకి. 1908 సెప్టెంబరు 28న ఆ నీళ్ళే ఊరి మీద పడి 15 వేల మందిని పొట్టన పెట్టుకున్నాయని అంచనా. ఆ దెబ్బకి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా ప్రకారం మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ రెండు చెరువుల నీళ్ళు తాగి పెరిగిన ఊరు మనది.

పడమరకి పోయిన నీళ్ళ సంగతే మనవాళ్ళకి పట్టదు. కాగ్నా తాండూరు దాటి, సేడం దాటి, మళ్ఖేడు చేరుతుంది. మళ్ఖేడు అంటే మాన్యఖేటం. రాష్ట్రకూటుల రాజధాని! 814 నుంచి 878 దాకా ఏలిన అమోఘవర్షుడు రాజధాని చేసుకున్న ఊరు. 851 నాటి అరబ్బు రచనలో ప్రపంచంలోని నలుగురు గొప్ప రాజుల్లో ఒకడిగా 'బల్హరా'ని లెక్కపెట్టారు, అది ఈ రాష్ట్రకూట రాజునే. 972లో మాళవ పరమారులు వచ్చి కొల్లగొట్టేదాకా దక్కనులో దానికి సాటి లేదు. వేములవాడలో పంప కవిని పోషించిన చాళుక్యులు వీళ్ళ సామంతులే. ఇవాళ అది కాగ్నా ఒడ్డున ఓ పాడుబడ్డ కోట, దాని మధ్యలో ఓ చిన్న ఊరు. మా చుట్టాల పెళ్ళికి నాలుగైదుసార్లు ఆ ఊరి మీదుగా పోయాను. బస్సు ఆగితే టీ తాగాను. ఎక్కడ నిల్చుని టీ తాగుతున్నానో ఎవరూ చెప్పలేదు.

అంటే ఏంటి? ఒకే గుట్ట. ఒకవైపు జారిన నీళ్ళు పదో శతాబ్దపు రాజధానికి, ఇంకోవైపు జారిన నీళ్ళు పదహారో శతాబ్దపు రాజధానికి. నీటి చుట్టూ ఊళ్ళు పుడతాయని బడిలో చదువుకున్నాం. ఒక్క గుట్ట అటు ఒక రాజ్యానికీ ఇటు ఒక రాజ్యానికీ నీళ్ళు పంపడం మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఇంకా ఉంది. కాగ్నా షాబాదు, వాడి ప్రాంతంలో భీమలో కలుస్తుంది. భీమ సన్నతి పక్కనుంచి, అంటే అశోకుడి శాసనాలు దొరికిన చోటి పక్కనుంచి దిగి, తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి నల్గొండ జిల్లా వాడపల్లి చేరుతుంది. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేది ఎవరనుకున్నారు? మూసీ.

అంటే అనంతగిరి మీద విడిపోయిన నీళ్ళు సగం దక్కను తిరిగొచ్చి వాడపల్లిలో కలుసుకుంటున్నాయి. మావాడికి పటం మీద వేలు పెట్టి చూపించా. "ఇదిగో నీ లూప్. కాకపోతే మూడు రోజుల్లో అవ్వదు" అన్నా :-)

* * *

జోకులు పక్కనబెట్టి, మనిషి నడిచే లూప్ సంగతి చూద్దాం. నేను మూడు దారులు కాగితం మీద పెట్టాను.

మొదటిది దామగుండం. పూడూరు మండలంలో అడవి, లోపల రామలింగేశ్వర స్వామి గుడి. హైదరాబాదు సైకిలు బృందాలకీ నడిచే వాళ్ళకీ చాలాకాలంగా ఇష్టమైన చోటు. బండ్ల బాటలు, పశువుల బాటలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి కాబట్టి లూపు ఎలా కావాలంటే అలా కట్టుకోవచ్చు. కాగితం మీద ఇదే అన్నిటికంటే మంచిది. కానీ ఆ అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నావికాదళానికి వెళ్ళాయి. సముద్రం లోపలున్న జలాంతర్గాములతో మాట్లాడే వీఎల్ఎఫ్ రేడియో కేంద్రం కోసం. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తమిళనాడు తిరునల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది.

ఇంజినీరుగా నాకు దాని అవసరం అర్థమవుతుంది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో ఒక్క అడుగు కూడా సరిగ్గా దిగవు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ వాడితే కొన్ని మీటర్లు దిగుతాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అలల పొడవు పెరుగుతుంది, యాంటెన్నా పెరుగుతుంది, జాగా పెరుగుతుంది. అది ఫిజిక్సు, దాంతో వాదన పెట్టుకోలేం. దేశానికి ఆ కేంద్రం అక్కర్లేదని నేను అనను. కానీ అడవి ఉండేది మూసీ పరీవాహకంలో. కింద రెండు జలాశయాల్ని కాపాడ్డానికి 1996లో 111 జీవో తెచ్చి, వాటి చుట్టూ 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ జీవో గీత చెరువు చుట్టూ పది కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. నీళ్ళు పుట్టే గుట్ట దాకా రాలేదు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షల్నీ సడలించారు. చెరువుకి కాపలా పెట్టి ఊటని గాలికొదిలేయడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. విశ్వేశ్వరయ్య గారి కాలంలో పైనుంచి వచ్చే వరదని చూసి భయపడ్డాం. ఇప్పుడు పైనుంచి ఏమీ రాకపోతే ఏంటన్న భయం ఎవరికీ ఉన్నట్టు లేదు.

రెండోది అనంతగిరిలో గుడి చుట్టూ ఉన్న అడవి బాటలు. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోతాయి. ఇదే చాలామంది చేసేది. మూడు రోజులు నడవాలంటే అదే దారిలో గానుగెద్దులా తిరగాలి. పైగా రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి గుడారం వేయకూడదు. (దయచేసి వేయకండి. మంట అసలే పెట్టకండి. ఎండాకాలం ఆ ఆకులు అగ్గిపుల్ల చాలు.)

మూడోది ఎక్కడా ట్రైల్ అని రాసి ఉండదు. అది నాకు పటంలో దొరకలేదు. మా నాయనమ్మ ద్వారా తెలిసింది.

* * *

అనంతగిరి మీద గుడి ఒక్కటే కాదు, క్షయ ఆసుపత్రి కూడా ఉండేది. నిజాం కాలంలో కట్టింది. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనిపెట్టేదాకా క్షయకి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇదే వైద్యం. అందుకే ఐరోపాలో ఆల్ప్స్ మీద, మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, ఇలా ఎత్తయిన చోట్ల శానిటోరియంలు కట్టారు. వికారాబాదు సముద్ర మట్టానికి 600 మీటర్ల పైనుంటుంది, అనంతగిరి దానిమీద ఇంకాస్త ఎత్తు. "అనంతగిరి కా హవా, లాఖోం మరీజోం కా దవా" అని మా వైపు ఉర్దూలో ఒక నానుడి. ఆ గుట్ట గాలే లక్షలమంది రోగులకు మందట.

1950ల్లో మా తాతకి క్షయ వస్తే అక్కడే చేర్చారు. తాత తాండూరులో బండల గనిలో పనిచేసేవాడు. మీ ఇళ్ళలో పరుచుకున్న షాబాదు బండలు, తాండూరు బండలు, ఆ నీలం రంగు నాపరాయి ఉంది చూశారూ, అదన్నమాట. అనంతగిరి ఎర్రరాయి, నల్లరాయి దిగి పడమరకి పోతే తాండూరు దగ్గర సున్నపురాయి తేలుతుంది. ఆ రాయి మీదున్న నల్లరేగడిలోనే తాండూరు కందులు పండుతాయి, 2022లో జీఐ గుర్తింపు వచ్చిందే, ఆ కందులు.

నాయనమ్మ పదిహేను రోజులకోసారి తాతని చూడ్డానికి వెళ్ళేది. తాండూరులో పొద్దున ప్యాసింజరెక్కి వికారాబాదులో దిగేది. నెత్తిన సద్ది మూట, చంకన మా నాన్న. స్టేషను నుంచి గుట్ట దాకా నడక. ఆసుపత్రిలో పిల్లల్ని రానిచ్చేవారు కాదట, గుడి దగ్గర ఎవరికో అప్పజెప్పి లోపలికి పోయేది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ వికారాబాదు వచ్చేది కాదు. గుట్టకి పడమటి దిక్కున దిగి, కేరెల్లి మీదుగా ధారూరు నడిచి, అక్కడ బండెక్కేది.

"అంత దూరం ఎందుకే, వికారాబాదు దగ్గర కదా" అని నా ఇంజినీరింగు రోజుల్లో అడిగా. నా బుర్రలో అప్పుడు షార్టెస్ట్ పాత్ ఆల్గారిథమ్ తిరుగుతోంది.

"ధారూర్ల ఎక్కితె టికెట్ తక్కువ బిడ్డా. మల్ల దిగుడు తొవ్వ. నడుమ ఊట ఉంటది, మీ నాయనకు నీళ్ళు తాపొచ్చు. పొద్దుగూకితె కేరెల్లిల మనోళ్ళ ఇల్లుంది."

టికెట్టు, దిగుడు, నీళ్ళు, పడుకోవడానికి చోటు. నేను రెండు సెమిస్టర్లు చదివిన గ్రాఫ్ థియరీ కంటే ఆ నాలుగు మాటల్లోనే సరుకుంది. దూరం ఒక్కటే ఖర్చు అనుకుని నేను లెక్క కట్టా. ఆమె నాలుగు ఖర్చులు కలిపి కట్టింది. వీరాస్వామయ్య గారి పుస్తకం చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నాయనమ్మే. ఆమెకి చదువు రాదు.

తాత కోలుకుని ఇంటికొచ్చాడు. ఆ పూట కూడా ధారూరు దారినే దిగారట. తాతని మధ్య మధ్యలో కూర్చోబెట్టుకుంటూ రావడానికి రెండు రోజులు పట్టిందట. ఒక రాత్రి కేరెల్లిలో ఉన్నారు. మావాడి భాషలో చెప్పాలంటే అది మల్టీ డే లూపే.

* * *

ఆ లూపుని మూసేది రైలు. ఆ రైలు కథ కూడా చెప్పుకోవాలి. వాడి నుంచి సికింద్రాబాదుకి నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. బొంబాయి-మద్రాసు లైను వాడి మీదుగా పోతుంది కాబట్టి హైదరాబాదుని దానికి కలపాలని వేసిన దారి. పటం తీసి చూడండి. వాడి నుంచి చిత్తాపూరు, మళ్ఖేడు రోడ్డు, సేడం, తాండూరు, అక్కణ్ణుంచి గుట్టలెక్కి వికారాబాదు, అటు దిగితే హైదరాబాదు వైపు. అంటే కాగ్నా లోయ పట్టుకుని పైకి ఎక్కి, అవతలి వైపు దిగారు. నీళ్ళ దారినే ఇనప దారి పట్టుకుంది. బీదరు వైపు కొమ్మ 1930లో వేశాక వికారాబాదు జంక్షనయింది. ఆ ఊరి పేరు పైగా నవాబు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వచ్చింది. ఫలక్‌నుమా కట్టించిన ఆయనే, 1890ల్లో హైదరాబాదు దీవానుగా చేశాడు.

రైలొచ్చాక పాత బాటల మీద మజిలీలు తగ్గాయి. 1956 నవంబరు 1న మధ్యలో రాష్ట్రాల గీత కూడా పడింది. అప్పటిదాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, మళ్ఖేడు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఒకే నది మీదున్న చుట్టాలు రెండు రాష్ట్రాలయ్యారు. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా ఏర్పడ్డాక గుట్టా, తాండూరూ ఒక జిల్లా కిందే ఉన్నాయి, అదొక్కటి బాగైంది. మా తాండూరులో ఇప్పటికీ తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో దొర్లుతాయి. మా భావిగి భద్రేశ్వర స్వామి జాతరకి కర్ణాటక నుంచీ జనం వస్తారు. దేవుడికి గీత తెలీదు కదా.

జాతర అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ దారుల్ని ఇంకా బతికిస్తున్నది జాతరలే. అనంతగిరికి తొలి ఏకాదశికీ కార్తీకానికీ జనం నడిచొస్తారు. ధారూరులో నవంబరులో మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. పిల్లా జెల్లాతో, వంట సామానుతో వచ్చి, గుడారాలేసుకుని రోజుల తరబడి ఉంటారు. మన దగ్గర బయట పడుకునే కల్చర్ లేదన్న మావాణ్ణి ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాలి. వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి చాలా ఉంటుంది, ముఖ్యంగా వంట :-)

* * *

చివరికి మేం ఎంచుకున్న దారి ఇది. వికారాబాదు స్టేషన్లో దిగి అనంతగిరికి నడక, ఆ రాత్రి గుట్ట మీద బస. రెండో రోజు పడమటి దిక్కున దిగి కేరెల్లి మీదుగా ధారూరు. మూడో రోజు కోటిపల్లి చెరువు చూసుకుని మళ్ళీ ధారూరు చేరి ప్యాసింజర్లో వికారాబాదు. సగం నడక, సగం రైలు. మావాడి లెక్కలో రైలెక్కితే లూపు కాదు. మా నాయనమ్మ లెక్కలో అవుతుంది. నాకు నాయనమ్మ లెక్కే లెక్క.

మీరెవరైనా ఇలాంటిది వేసుకోవాలనుకుంటే నాకు తోచినవి రెండు మాటలు. వానలు తగ్గాక అక్టోబరు, జనవరి మధ్య వెళ్ళండి. అప్పటికి ఊటలు పారుతుంటాయి, గుట్ట పచ్చగా ఉంటుంది, ఎండ చంపదు. ఎక్కడ పడుకోవాలో ముందే మాట్లాడుకోండి, అడవిలో అయితే అటవీశాఖతో, ఊళ్ళో అయితే ఊరివాళ్ళతో. దారి ఫోన్లో చూసుకోండి, కానీ నీళ్ళ సంగతి మాత్రం పశువులు కాసుకునే వాళ్ళని అడగండి. శాటిలైట్ ఫోటోలో బాట కనిపిస్తుంది, ఊట ఎండిందో లేదో కనిపించదు.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు దారి చూసొద్దామని ఒక్కణ్ణే ఆ పడమటి దిగుడు దిగాను. నాయనమ్మ చెప్పిన ఊట కోసం వెతికా. గొర్రెలు కాస్తున్న పెద్దాయనని "తాతా, ఈడ ఊట ఉండేదంట కదా" అని అడిగితే, చేత్తో ఓ రాళ్ళ కుప్ప చూపించాడు. పక్కన తడి ఉంది. నీళ్ళు లేవు.

"వానలప్పుడు ఒస్తయ్. మునుపు ఎండకాలంల గూడ ఉండేటియి" అన్నాడు.

నా సీసాలో నీళ్ళు సగం ఆయనకిచ్చి దిగొచ్చా. వచ్చే కార్తీకంలో మావాడితో మళ్ళీ వెళ్తున్నా. ఈసారి మా నాన్నని కూడా తీసుకెళ్దామని ఉంది. డెబ్బై దాటాయి, గుట్ట దాకా ఆటోలో వచ్చి, దిగుడు మాత్రం నడుస్తానంటున్నాడు. ఆ దారిన ఆయన ఒకప్పుడు చంకలో వచ్చాడు కదా.